ఒంటికన్నుకు తలకట్టు

గొల్లమెట్ట అటవీ బీటుకు ఆ యంత్రం జీడిపళ్ళు రంగు తిరుగుతున్న రోజుల్లో వచ్చింది. అట్టపెట్టెలో స్పంజి మధ్య పడుకోబెట్టి పంపారు. జానెడు పొడవు కూడా లేదు. ఒక కొసన కన్ను ఆనించి చూస్తే చీకట్లో చెట్లూ, పుట్టలూ, పుట్ట వెనక నక్కిన జంతువూ అన్నీ ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఒక కంటితోనే చూడాలి. రెండో కంటికి పని లేదు.

పెట్టె మీది బొమ్మలో ఒక మనిషి ఆ యంత్రాన్ని పట్టీలతో తలకు బిగించుకుని, రెండు చేతులూ నడుం మీద వేసుకుని నవ్వుతున్నాడు. పెట్టెలో మాత్రం పట్టీలు లేవు. బీటు అధికారిణి దున్న పుణ్యవతి పెట్టెను బోర్లించి దులిపింది. స్పంజి ముక్క ఒకటి రాలింది.

"ఆడికి రెండు సేతులూ కాలీయే" అన్నాడు కొర్ల దాలయ్య, బొమ్మలో మనిషిని చూసి. "మన సంగతేటమ్మా మరి?"

దాలయ్య ఆ బీటులో కావలివాడు. యాభై దాటాయి. గొల్లమెట్ట ఆడవాళ్ళు జీడిపిక్కలు ఏరడానికి తెల్లారకముందే తోటలకు బయల్దేరతారు. ఎండెక్కితే మెట్ట మీద నిలబడలేరు. ఎలుగుబంట్లు కూడా ఆ వేళకే ఆ తోటలకే వస్తాయి. వాటికి పిక్కలతో పని లేదు, పళ్ళు కావాలి. వీళ్ళకు పళ్ళతో పని లేదు, పిక్కలు కావాలి. కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే వ్యవహారమే గానీ ఆ చీకట్లో ఎవరు ఎవరితో మాట్లాడతారు? అందుకని దాలయ్య ముందు నడుస్తాడు. ఎడమ చేతిలో రేకుడబ్బా, కుడి చేతిలో కర్ర. కర్రతో డబ్బా వాయిస్తే ఎలుగు పక్కకు తప్పుకుంటుంది. ఎక్కడుందో తెలియకుండా దాని మీదికే వెళ్ళి వాయిస్తే తప్పుకోదు.

ఆ ఎక్కడుందో చెప్పడానికే ఈ యంత్రం. దాలయ్య దానికి మొదటిరోజే పిల్లికన్ను అని పేరు పెట్టాడు. కర్రను చంకలో ఇరికించి, డబ్బాను మోచేతికి తగిలించుకుని, పిల్లికన్నును చేత్తో పట్టుకుని చూసేవాడు. ఏదైనా కనబడితే పిల్లికన్నును జేబులో పెట్టి, చంకలో కర్రను తీసి, మోచేతి డబ్బాను చేతిలోకి తెచ్చుకోవాలి. ఆ లోపల ఎలుగు ఏం చేయాలనుకుంటే అది చేయొచ్చు.

"తలకి కట్టుకోడానికి ఏదైనా ఇమ్మని ఒక కాయితం రాయమ్మా" అన్నాడు. "నువ్వు సదువుకున్నదానివి కాదేటి."

సరిగ్గా ఆ ఉగాది నుంచే డివిజన్ ఆఫీసులో తెలుగు అమలులోకి వచ్చింది. అంతకుముందు కూడా అక్కడ అందరూ తెలుగే మాట్లాడేవారు గానీ అది అమలులో ఉన్నట్టు కాదు. ఒక్క ఇంగ్లీషు మాట ఉన్నా కాగితం వెనక్కి పంపబడునని సర్క్యులర్ వచ్చింది. దాన్ని సర్క్యులర్ అనకూడదని ఇంకో సర్క్యులర్ వచ్చింది. ఈ పనులు చూసుకోవడానికి తెలుగు అమలు అధికారిగా శఠగోపాచార్యులు గారు వచ్చారు. యంత్రాన్ని రిజిస్టరులో ఎక్కించేటప్పుడు దాని ఇంగ్లీషు పేరు కొట్టేసి 'రాత్రి చూపు ఒంటికన్ను' అని రాయించింది ఆయనే.

పుణ్యవతి అరగంట ఆలోచించింది. పెట్టె మీద పట్టీలకు ఇంగ్లీషు పేరే ఉంది. వాళ్ళ అమ్మమ్మ తలకు చుట్టుకునే గుడ్డను తలకట్టు అనేది. చక్కని మాట, అందరికీ తెలిసిన మాట. పుణ్యవతి తెల్లకాగితం తీసి రాసింది:

'నాకు అప్పగించిన రాత్రి చూపు ఒంటికన్నుకు తలకట్టు లేదు. కావలివాడు రెండు చేతులతో పని చేయవలసి ఉన్నందున, తలకట్టు ఇప్పించగలరని ప్రార్థన.'

ఇంగ్లీషు మాట ఒక్కటి లేదు. రెండుసార్లు చదువుకుని పంపింది.

తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. అంత తొందరగా ఆ ఆఫీసు నుంచి జవాబు రావడం చూసి పుణ్యవతి సంతోషించింది.

'మీ లేఖను క్షుణ్ణముగా పరిశీలించడమైనది. సదరు పరికరము పేరులో మొత్తము ఎనిమిది అక్షరములు గలవు. వాటిలో 'క' అను అక్షరమునకు తలకట్టు ఉన్నది. అది యథాస్థానములో, స్పష్టముగా ఉన్నది. మిగిలిన అక్షరములకు దీర్ఘము, గుడి, కొమ్ము ఇత్యాదులు ఉండుటచే తలకట్టు అవసరము లేదు. కావున పరికరమునకు తలకట్టు లేదనుట వాస్తవ విరుద్ధము. కొమ్ము గల అక్షరములపై కూడా తలకట్టు వంటిది కనిపించుచున్న విషయము వేరుగా విచారణలో ఉన్నది. ఇట్లు, శఠగోపాచార్యులు, తెలుగు అమలు అధికారి.'

పుణ్యవతి చదవడం ఆపి గోడ వైపు చూసింది. ఒకటో తరగతిలో పలక మీద 'క' రాసి, దాని నెత్తిన చిన్న గీత పెట్టి, ఇదే తలకట్టు అని అయ్యవారు చెప్పడం జ్ఞాపకం వచ్చింది. ఆ గీత సరిగా పెట్టనందుకు తిన్న దెబ్బ కూడా జ్ఞాపకం వచ్చింది.

మర్నాడు బస్సెక్కి డివిజన్ ఆఫీసుకు వెళ్ళింది. సూపరింటెండెంట్ పరాంకుశం గారు బల్ల వెనక, ఫైళ్ళ మధ్య దూరంగా కనిపించారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు ఆయనది.

"తలకట్టు ఉందని రాశారు సార్" అంది.

"ఉంది కదమ్మా. నేనూ చూశాను. 'క' మీద."

"అది అక్షరం మీద ఉంది సార్. నాకు కావలసింది తల మీద."

"తల అని నువ్వు రాయలేదే! తలకట్టు అని రాశావు. తలకట్టు అంటే ఏమిటో చెప్పడానికి ఒక అధికారిని వేశారు. ఆయన చెప్పారు. ఇంక నేను చెప్పేదేముంది?"

"దాలయ్యకు చేతులు చాలడం లేదు సార్."

"ఆ సంగతి కాగితం మీద రాలేదమ్మా. వచ్చింది తలకట్టు లేదని." పరాంకుశం గారు కొంచెం మెత్తబడ్డారు. "వివరంగా ఇంకో కాగితం పెట్టు. తలకు కట్టుకునేది అని రాయి. చూద్దాం."

పుణ్యవతి అక్కడే కూర్చుని రాసి ఇచ్చింది. 'నా లేఖలో తలకట్టు అనగా తలకు కట్టుకునే సాధనం. అది లేక పరికరం అసంపూర్ణంగా ఉన్నది.' అసంపూర్ణం అనే మాట రాయకపోయినా సరిపోయేది. బరువుగా ఉంటే త్వరగా కదులుతుందని రాసింది.

అది నిజంగానే త్వరగా కదిలింది. నాలుగో రోజున ఆర్డరు వచ్చింది. తలకట్టు ఎంపిక సంఘం ఏర్పాటైంది. సమస్య ఒక మాట వల్ల పుట్టింది కనుక శఠగోపాచార్యులు గారే అధ్యక్షులు. పరాంకుశం గారు కార్యదర్శి. చివర ఒక వాక్యం ఉంది: 'తలకట్టు లేనందున సదరు పరికరము అసంపూర్ణమని బీటు అధికారిణి స్వయముగా అంగీకరించినందున, అసంపూర్ణ పరికరములను వాడరాదు గనుక, తలకట్టు సమకూరు వరకు దానిని ఆఫీసుకు అప్పగించవలెను.'

పిల్లికన్ను స్పంజితో సహా ఆఫీసు బీరువాలోకి వెళ్ళింది. తాళంచెవి పరాంకుశం గారి కళ్ళజోడు డబ్బాలోకి వెళ్ళింది. దాలయ్య మళ్ళీ కర్రా డబ్బా పట్టుకుని చీకట్లోకి వెళ్ళాడు.

"ఏటయినాది మేడమ్మా, పట్టీలొస్తాయంటే కన్నే ఎల్లిపోనాది?" అని అడిగాడు.

"వస్తుంది బాబాయ్. కమిటీ వేశారు."

"ఓలమ్మ!" అన్నాడు దాలయ్య.

సంఘం మొదటి సమావేశానికి ఇద్దరినీ పిలిచారు. పుణ్యవతికి కుర్చీ వేశారు. దాలయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బల్ల మీద మూడు బొమ్మలు పరిచి, పక్కన బీరువాలోంచి తీసిన పిల్లికన్నును పెట్టారు. మొదటిది పట్టీలది, తలకు అడ్డంగా నిలువుగా బిగించుకోవాలి. రెండోది టోపీ, ముందు కొక్కెం ఉంటుంది. మూడోది గట్టి శిరస్త్రాణం, హెల్మెట్ అనే మాట అక్కడ ఎవరూ అనలేదు. యంత్రం బరువుకు తల ముందుకు వాలకుండా దానికి వెనక వైపు ఎదురు బరువు కూడా ఉంది.

"తలకట్టు ఎంపిక అనేది మహత్తరమైన బాధ్యత" అని ప్రారంభించారు శఠగోపాచార్యులు గారు. "శిరస్సు శరీరంలో ప్రధానం. ప్రధానమైన దాని మీద పెట్టేది అంతకంటే ప్రధానం. అందుచేత మనం తొందరపడరాదు."

"ఎలుగులు తొందర పడతన్నాయి బాబూ" అన్నాడు దాలయ్య గుమ్మంలోంచి.

"వాడుకరి అభిప్రాయం తరవాత తీసుకుంటాం" అన్నారు అధ్యక్షులు.

"నన్నడిగితే ఇయ్యేవీ ఒద్దు బాబూ." దాలయ్య భుజం మీది తువ్వాలు తీశాడు. బల్ల మీదున్న పిల్లికన్నును ఎడమ కంటికి ఆనించి, తువ్వాలును దాని మీదుగా రెండు చుట్లు చుట్టి, చెవి వెనక ముడి వేశాడు. రెండు చేతులూ చాచి చూపించాడు. తల అటూ ఇటూ ఊపాడు. గంతులు వేశాడు. కన్ను కదల్లేదు. అంతా కలిపి అర నిమిషం పట్టింది.

అధ్యక్షులు ముందుకు వంగి ముడిని చూశారు. పుణ్యవతికి ఆశ పుట్టింది.

"బాగుంది" అన్నారు అధ్యక్షులు చివరకు. "కానీ ఇది తలపాగా. మన ముందున్న అంశం తలకట్టు."

"తువ్వాలు మన రిజిస్టరులో లేదు కూడా సార్" అన్నారు పరాంకుశం గారు. "ప్రభుత్వ పరికరాన్ని సొంత తువ్వాలులో కట్టడం ఎలా? చిరిగితే ఎవరిది చిరిగినట్టు?"

ఇంకో సంగతి కూడా అధ్యక్షుల కంట పడింది. "నువ్వు ఎడమ కంటికి పెట్టుకున్నావేం?"

"కుడికంట పొర కమ్మీసింది బాబూ. మసక."

"యంత్రం మాత్రం కుడి కంటికే ఉండాలి. శుభకార్యం ఏదైనా కుడి నుంచే మొదలవుతుంది. ఎడమ కన్ను అదిరినా బాగుండదంటారు మగవాళ్ళకు. రాసుకోండి పరాంకుశం గారూ, కుడి కన్ను."

"కుడి కన్ను" అని రాసుకున్నారు పరాంకుశం గారు.

రెండో సమావేశం పరీక్ష కోసం పెట్టారు. రాత్రి చూపును రాత్రి పరీక్షించాలని ఒక గుమాస్తా అన్నాడట. ఆఫీసు వేళలు పది నుంచి అయిదు వరకే కనుక, ఆ వేళల్లో చీకటి లభ్యం కానందున, చీకటిని ఆఫీసులోనే సమకూర్చుకోవాలని నిర్ణయించారు. సమావేశపు గది కిటికీలకు దుప్పట్లు కట్టారు. తలుపు సందుల్లో పాత ఫైళ్ళు కుక్కారు. అధ్యక్షులు నమూనాగా వచ్చిన పట్టీలు బిగించుకుని, కుడి కంటికి యంత్రం పెట్టుకుని, అయిదు నిమిషాలు గది నాలుగు గోడలూ చూశారు. సమావేశ నివేదికలో ఇలా వచ్చింది: 'అంతయూ ఆకుపచ్చగా కనిపించినది. అటవీ శాఖకు ఇది మిక్కిలి తగిన వర్ణము. అయితే గదిలో ఎలుగుబంటి ఏదియు కనిపించలేదు. దీనికి పరికర లోపము కారణమా, గదిలో ఎలుగుబంటి లేకపోవుట కారణమా అన్నది నిర్ధారించవలసి ఉన్నది.'

పట్టీలు విప్పాక అధ్యక్షుల పిలక రెండు గంటలు నిటారుగా నిలబడిపోయిందని, దాంతో పట్టీలు పోటీలోంచి తప్పుకున్నాయని గుమాస్తా చెప్పాడు. టోపీ అంతకు ముందే తప్పుకుంది. టోపీ పెట్టడం అనే మాటకు తెలుగులో ఉన్న ఇంకో అర్థం శాఖకు మంచిది కాదని అధ్యక్షులు అభ్యంతరం చెప్పారు.

శిరస్త్రాణం మిగిలింది. ఏ కొలతకు చేయించాలి?

దాలయ్య తలకు చేయిస్తే చాలని పుణ్యవతి రాసింది. ఒక వ్యక్తి తలను బట్టి ప్రభుత్వ సాధనం చేయించడం పక్షపాతం అవుతుందని జవాబు వచ్చింది. డివిజన్‌లో ఉన్న ఎనభై నాలుగు తలలనూ కొలవాలని, వాటి సగటు తీయాలని నిర్ణయించారు. బీట్లకు నమూనా పత్రాలు వెళ్ళాయి. జుట్టు మీదుగా కొలవాలా, జుట్టు కింద కొలవాలా అని ఒక బీటువాళ్ళు అడిగారు. బట్టతలవాళ్ళకు వెసులుబాటు ఉందా అని ఇంకొకరు అడిగారు. సెలవులో ఉన్నవారి తలలను, వారు సెలవుపై వెళ్ళినప్పుడు తలలు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితిలో లెక్కించాలని వివరణ వచ్చింది. పుణ్యవతి తన తలను తానే టేపుతో కొలుచుకుంది. జడ విషయం ఎవరూ చెప్పలేదు కనుక జడను చేత్తో ఎత్తి పట్టుకుంది.

సగటు యాభై ఆరు పాయింటు నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. ఎనభై నాలుగు తలల్లో ఆ కొలత గల తల ఒక్కటీ లేదు. దాలయ్యది యాభై మూడున్నర.

'ఎంపికైన శిరస్త్రాణము ఏ ఒక్కరి తలకును సరిపోకపోవుట సంఘము యొక్క నిష్పాక్షికతకు నిదర్శనము' అని నివేదికలో రాశారు. తయారీకి పంపారు. మూడు నెలలు పడుతుందన్నారు.

జీడి కాలం మొత్తమే మూడు నెలలు. అందులో నెలన్నర అయిపోయింది.

ఆ వారంలోనే దాలయ్య ఎలుగు మీదికి వెళ్ళాడు. తోటకు వెళ్ళే దారిలో పనస చెట్టు కింద పిల్లలతో పడుకుని ఉంది. కుడికంట మసక, ఎదుట చీకటి. మూడడుగుల దూరంలో దాని ఊపిరి వినిపించాకే తెలిసింది. వెనకనున్న ఆడవాళ్ళను "ఎనక్కెల్లండర్రా!" అని కేకేసి, తాను మాత్రం ఉన్నచోటనే నిలబడి డబ్బా వాయించాడు. ఎలుగు ఒక్క దెబ్బ వేసి పిల్లలను తీసుకుని పోయింది. భుజం నుంచి మోచేతి దాకా పదకొండు కుట్లు పడ్డాయి.

మర్నాడు ఆసుపత్రి వరండాలో జగ్గమ్మ కూర్చుని ఉంది. పిక్కలు ఏరేవాళ్ళలో పెద్దది. ముందురోజు దాలయ్య వెనక మొదట నడిచిన మనిషి. కొంగుకు ఇంకా రక్తపు మరకలున్నాయి.

"ఎలాగున్నాడు పిన్నీ?"

"బతికినాడు. కబుర్లు సెప్తన్నాడు. డబ్బా సొట్టపోనాదని బాద." జగ్గమ్మ పుణ్యవతి మొహం చూడకుండానే అంది. "నువ్వు ఆ కాయితం రాయకపోతే బాగున్ను పాపా. సేత్తో అట్టుకునైనా సూసేవోడు."

మూడు వారాలుగా పుణ్యవతి కూడా అదే అనుకుంటోంది.

ప్రమాదం గురించి అది జరిగిన రోజే ఆఫీసుకు రాసింది. యంత్రాన్ని కనీసం చేతితో వాడుకోవడానికైనా ఇవ్వమని వేడుకుంది. జవాబును ఆఫీసు బంట్రోతు ఆసుపత్రికే తెచ్చి ఇచ్చాడు.

'విచారకర సంఘటన తెలిసినది. అయితే గాయము భుజమునకు అయినందున, తలకు సంబంధించిన ఈ సంఘము పరిధిలోనికి రాదు. ఇకముందు తలకు అయినచో వెంటనే తెలియజేయగలరు.'

"ఏటి రాసినారు?" అంది జగ్గమ్మ.

"తలకి తగిలితే చెప్పమన్నారు."

జగ్గమ్మ కాగితం వైపు తొంగి చూసింది. "ఆల తలకా, మన తలకా?"

పుణ్యవతి చాలారోజులకు నవ్వింది. నవ్వాక సిగ్గుపడింది. ఆ కాగితాన్ని మిగిలిన కాగితాలతో పెట్టడానికి సంచి తెరిచింది. ఆమె ఏ కాగితమూ పారేయదు. తేదీల వరసన అన్నిటినీ ఒడిలో పరుచుకుని, మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చదివింది. అది ఆమె అలవాటు. మళ్ళీ మొదటికి వచ్చి, మొదటి జవాబునూ నాలుగో రోజు వచ్చిన ఆర్డరునూ పక్కపక్కన పెట్టింది. 'తలకట్టు ఉన్నది. అది యథాస్థానములో, స్పష్టముగా ఉన్నది' అని ఒకటి. 'తలకట్టు లేనందున' అని ఇంకొకటి. రెండింటి కిందా ఒకటే సంతకం, శఠగోపాచార్యులు గారిది.

లోపలికి వెళ్ళి దాలయ్య మంచం దగ్గర నిలబడింది.

"బాబాయ్, తువ్వాలు ఒకసారి ఇస్తావా?"

"ఉతకలేదమ్మా."

"పర్లేదు."

ఆ మధ్యాహ్నమే డివిజన్ ఆఫీసులో ఇంకో కాగితం ఇచ్చింది. అందులో వేడుకోలు లేదు, వివరణా లేదు.

'తలకట్టు సమకూరు వరకు రాత్రి చూపు ఒంటికన్నును ఆఫీసులో ఉంచవలెనని తమరి ఉత్తర్వు. సదరు పరికరానికి తలకట్టు ఉన్నదని, అది యథాస్థానంలో ఉన్నదని తెలుగు అమలు అధికారి గారు ముందే ధ్రువీకరించి ఉన్నారు. ప్రతి జతచేయడమైనది. కావున పరికరం సంపూర్ణం. ఇప్పించగలరు.'

పరాంకుశం గారు ఒకసారి చదివారు. జతచేసిన ప్రతి తిప్పి చూశారు. ఇంకోసారి చదివారు. తలెత్తి పుణ్యవతిని చూశారు. ఆమె మొహంలో ఏమీ లేదు. చేతిలో మాసిన తువ్వాలు ఒకటి మడతపెట్టి ఉంది.

"ఆయన భుజం ఎలా ఉందమ్మా?" అన్నారు. ఏ ఫైలులోనూ లేని మాట ఆ ఆఫీసులో ఆమె విన్నది అదే మొదలు.

"పదకొండు కుట్లు సార్."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డబ్బాలోంచి తాళంచెవి తీశారు.

"కాగితాలు కలిశాయి" అన్నారు. "కలిసిన తరవాత ఆపడానికి నాకు అధికారం లేదు."

మర్నాడు చీకటితో ఆడవాళ్ళ ముందు పుణ్యవతి నడిచింది. పిల్లికన్నును కుడి కంటికి పెట్టుకుని, జడను పైకి చుట్టి, దాని మీదుగా దాలయ్య తువ్వాలు రెండు చుట్లు తిప్పి కట్టుకుంది. ముడి జగ్గమ్మ వేసింది. తువ్వాలు చెమటా బీడీ వాసన కొట్టింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సొట్టడబ్బా. వెనక పద్నాలుగు మంది, గంపలతో.

పనస చెట్టుకు ఇంకా అరవై అడుగుల దూరం ఉండగా పుణ్యవతి కర్ర అడ్డంగా చాచింది. అందరూ ఆగిపోయారు. ఆకుపచ్చటి చెట్టు కింద ఆకుపచ్చటి ఎలుగు పనసపండు చీల్చి తింటోంది. పిల్లలు రెండూ దాని వీపు ఎక్కి జారుతున్నాయి.

"ఉన్నాదేటి?" అని గుసగుసలాడింది జగ్గమ్మ.

"ఉంది. తింటోంది."

"తిననీ."

ఆమె దూరం నుంచే డబ్బా మీద నెమ్మదిగా మూడు దెబ్బలు వేసింది. ఎలుగు తలెత్తి, పండు మిగతా సగం నోట కరుచుకుని, పిల్లలను తోసుకుంటూ మెట్ట ఎక్కిపోయింది. ఆ రోజు ఇంకేమీ జరగలేదు. తరవాత జీడి కాలమంతా కూడా ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడానికి రిజిస్టరులో గడి లేదు కనుక అది ఎక్కడా నమోదు కాలేదు.

తొలకరి పడ్డాక, తోటల్లో పిక్క ఒక్కటి మిగలని రోజున, శిరస్త్రాణం వచ్చింది. అప్పటికి దాలయ్య పనిలోకి వచ్చేశాడు. తల మీద పెట్టుకుంటే ముక్కు దాకా దిగింది. ఎదురు బరువుకు వెనక్కి తిరిగి మెడ మీదికి జారింది. తీసి చేతిలో పట్టుకుని, అలవాటుగా కర్రతో ఒక్కటి వేశాడు. ఠంగుమంది. మెట్ట అవతల కుక్కలు మొరిగాయి.

"డబ్బా కన్నా ఇదే బాగున్నాది మేడమ్మా" అన్నాడు. డబ్బా ఎటూ సొట్టపోయింది.

వినియోగ నివేదిక పంపమని ఆఫీసు అడిగితే పుణ్యవతి ఉన్నదే రాసింది: 'శిరస్త్రాణం ప్రతిదినం వినియోగంలో ఉన్నది. ఎలుగుబంట్లు దానికి దూరంగా ఉంటున్నవి.' సంఘానికి అభినందనలు వచ్చాయి.

ఇక అయిపోయిందనుకుంటుండగా ఇంకో కాగితం వచ్చింది.

'కొమ్ము గల అక్షరములపై వేరుగా జరుగుచున్న విచారణ పూర్తయినది. రాత్రి చూపు ఒంటికన్ను అను పేరులోని 'చూ', 'పు', 'న్ను' అను మూడు అక్షరములకును కొమ్ములతో పాటు తలకట్టులు కూడా ఉన్నట్లు నిర్ధారణ అయినది. అనగా సదరు పరికరము వద్ద మొత్తము నాలుగు తలకట్టులు గలవు. ఒక పరికరమునకు ఒక తలకట్టుకు మించి మంజూరు లేదు. అదనముగా ఉంచుకున్న మూడు తలకట్టులను వారము లోపల అప్పగించనిచో తగు సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

పుణ్యవతి దాన్ని దాలయ్యకు చదివి వినిపించింది. దాలయ్య తన తువ్వాలును గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది కాదు బాబాయ్. ఇది మంజూరైన తలకట్టు. మిగతా మూడూ అడుగుతున్నారు."

జగ్గమ్మ నెత్తి మీది గంప దించింది. గంప కింద నెత్తి మీద పెట్టుకునే చుట్టకుదురు తీసింది. పాతచీర పేలిక చుట్ట, జీడిపాలు అంటి నల్లబడి ఉంది.

"ఇదొకటి. ఒలే, మీయి కూడా తియ్యండే. గవర్నమెంటోలు అడుగుతుంటే!"

ఇంకో ఇద్దరు తమవి తీసి ఇచ్చారు. పుణ్యవతి మూడింటినీ యంత్రం వచ్చిన అట్టపెట్టెలో, స్పంజి మీద వరసగా పెట్టి తీసుకెళ్ళింది. పరాంకుశం గారు ఒక్కొక్కటే పైకెత్తి లెక్కపెట్టారు. 'తలకట్టులు మూడు, వాడినవి, మంచి స్థితిలో, ముట్టినవి' అని రసీదు రాసి ఇచ్చారు. చుట్టకుదుళ్ళను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని కళ్ళజోడు డబ్బాలో వేసుకున్నారు.

తరవాత రిజిస్టరు తెరిచి, అధ్యక్షుల ఆదేశం ప్రకారం, యంత్రం పేరులో ఆ మూడు అక్షరాల మీది తలకట్టులను బ్లేడుతో జాగ్రత్తగా గీకేశారు. ఆ పేరు ఇప్పుడు ఎవరికీ చదవరాదు. ఆఫీసులో దాన్ని ఏమని పిలవాలో తేల్చడానికి ఇంకో సంఘం కూర్చుంటోందని విన్నాం. తోటల్లో మాత్రం అందరూ పిల్లికన్నే అంటారు.